బడిలో గలగలా మాట్లాడే మనిషి ఇంటికొస్తే గడియ పెట్టుకుంటుంది – ఈ స్వభావం గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నాకు పెళ్ళయి పదహారు నెలలు. నా భార్య హైస్కూల్లో సోషల్ చెబుతుంది. అమ్మా నాన్నా మాతోనే ఉంటారు. మా ఇంట్లో జరుగుతున్నది ఉన్నదున్నట్టు రాస్తాను.

సాయంత్రం ఐదింటికి ఇంటికొస్తుంది. కాళ్ళు కడుక్కుంటుంది, టిఫిన్ బాక్స్ సింకులో వేస్తుంది, "మందులేసుకున్నారా అత్తమ్మా" అని ఒక్క మాట అడుగుతుంది. తర్వాత గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. అర్ధగంట. ఆ గడియ చప్పుడు వినపడగానే హాల్లో మా అమ్మ ముఖం వాడిపోతుంది. "బడిలో అంతమందితో మాట్లాడే మనిషికి మాతో మాట్లాడడానికే నోరు రాదా?" అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

ప్రేమ లేదని మాత్రం అనలేను. నాన్న కాఫీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటున్నారని ఇంట్లో మొదట చూసింది ఆమే. కుడి భుజం పైకి లేవడం లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను రోజూ ఆయన ఎదురుగా కూర్చుని టిఫిన్ తింటాను, నాకు కనపడలేదు. ఆమె చెప్పాకే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం.

పోయిన నెల నంద్యాలలో మా చిన్నాయన కొడుకు పెళ్ళి. ముహూర్తం దాకా బాగానే ఉంది, చుట్టాలందరినీ పలకరించింది. భోజనాలప్పుడు కనపడలేదు. వెతికితే కళ్యాణ మండపం మిద్దె మీద వాటర్ ట్యాంకు నీడన ఒక్కతే కూర్చుని ఉంది. "ఏమైంది?" అంటే "ఏం లేదు, పది నిమిషాల్లో వస్తా" అంది. కింద మా అత్తలు "టీచరమ్మకు పొగరు" అనుకోవడం నేను విన్నాను. ఆమె కూడా విన్నదని రాత్రి తెలిసింది. చాలాసేపు ఏడ్చింది.

ఆ రాత్రే ఫోన్‌లో మనిషి స్వభావం చెప్పే ఒక టెస్ట్ రిజల్ట్ చూపించింది. ఐ.ఎన్.ఎఫ్.జె. అని నాలుగు అక్షరాలు. "నా గురించి నేను చెప్పుకోలేనిది ఇందులో ఉంది, చదువు" అంది. చదివాను. అన్నిటికన్నా అరుదైన రకం అని రాశారు. సగం అర్థమైంది, సగం కాలేదు. ఇలాంటి మనిషికి ఏం కావాలి? నేను ఏం చేయాలి? మా అమ్మకు ఎట్లా చెప్పాలి?

పెద్దక్క_ఆదోని

తమ్ముడూ, నేను అత్తను కూడా, ఒకప్పుడు కోడలిని కూడా. మన ఇళ్ళల్లో పగటిపూట తలుపు వేసుకుంటే లోపల ఏదో జరిగిందనే అర్థం. అలిగినప్పుడు వేసుకుంటారు, జబ్బు చేస్తే వేసుకుంటారు. మీ అమ్మకు తెలిసిన అర్థాలు ఆ రెండే. రోజూ ఐదింటికి ఆ చప్పుడు వింటే రోజూ కోడలు అలిగినట్టే ఉంటుంది ఆమెకు. ముందు ఆ బాధ కూడా బాధేనని ఒప్పుకో. తర్వాత టెస్టుల సంగతి.

గడప_కడప

తుంగభద్ర గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ మిద్దె మీద ట్యాంకు నీడ నాకు బాగా తెలుసు. మా వైపు పెళ్ళిళ్ళలో నేను వెతుక్కునేది స్టోర్ రూము, విస్తరాకుల కట్టలు పెట్టే చోటు. నా రిజల్ట్ కూడా ఆ నాలుగు అక్షరాలే. వయసు నలభై ఒకటి. నా సంగతి చెబుతాను, మీ ఆవిడకు ఎంతవరకు వర్తిస్తుందో ఆమెనే అడగండి.

మాకు మనుషులంటే ఇష్టం లేదనుకుంటారు. అది నిజం కాదు. మనుషులు మాలోకి మరీ ఎక్కువగా వచ్చేస్తారు. నేను ఒక ఇంట్లో అడుగు పెడితే, అక్కడ పొద్దున ఎవరికి ఎవరితో మాట పట్టింపు వచ్చిందో కాఫీ ఇచ్చే తీరులోనే తెలిసిపోతుంది. తెలిసి ఊరుకోలేను, అది నా మీద కూర్చుంటుంది. పెళ్ళిలో మూడు వందల మంది ఉంటే, నవ్వుతున్నా లోపల బాగాలేనివాళ్ళు ఓ పదిమంది ఉంటారు. ఆ పదిమందీ నాకు కనపడుతూనే ఉంటారు. రెండు గంటల తర్వాత తల లోపల సంత జరుగుతున్నట్టు ఉంటుంది. అప్పుడు గోడ కావాలి, నీడ కావాలి, ఎవరూ ఏమీ అడగని పది నిమిషాలు కావాలి.

బడిలో ఎట్లా మాట్లాడుతుందని మీ అమ్మగారు అడిగారు కదా. క్లాసులో మాట్లాడేది పని. పాఠం ఉంటుంది, దానికో మొదలు, చివర ఉంటాయి. పిల్లలంటే ఇష్టం కాబట్టి ఆ మాట బాగా వస్తుంది, చూసేవాళ్ళకు కలుపుగోలు మనిషిలా కనపడతాం. కానీ ఆ పిల్లల్లో ఎవరు పొద్దున తినకుండా వచ్చారో, ఎవరి ఇంట్లో గొడవో, అవన్నీ కూడా మోసుకుని ఇంటికొస్తాం. ఐదింటికి గడియ పెట్టుకునేది మీ నుంచి పారిపోవడానికి కాదు. అవన్నీ కింద దించుకోవడానికి.

ఇంకో సంగతి. మేము "కాదు" అనలేం. ఎదుటివాళ్ళ ముఖం చిన్నబోతుందని ముందే తెలుస్తుంది కాబట్టి సరేననేస్తాం. చుట్టాలొస్తామంటే సరే, సెలవు రోజు డ్యూటీ వేస్తే సరే. అట్లా సరే సరే అంటూ పోయి ఒకరోజు పూర్తిగా మూసుకుపోతాం. ఎనిమిదేళ్ళ స్నేహితురాలితో నేను ఒక్క గొడవ కూడా పడకుండా మాట్లాడడం మానేశాను. ఆమెకు కారణం నేటికీ తెలియదు. నాకు నచ్చనివి నూటికి తొంభై నేను ఆమెకు చెప్పనే లేదు. అది నా తప్పు. మీ ఆవిడ ఆ రాత్రి ఏడ్చి, ఫోన్ చూపించి, "చదువు" అంది కదా. ఆమె చెప్పింది. నేను చేయలేనిది ఆమె చేసింది.

అనంత_మాస్టారు (అనంతపురం)

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. గడప గారు రాసింది అనుభవం, దానికి తిరుగులేదు. ఆ నాలుగు అక్షరాలు ఎక్కడివో నేను చెబుతాను, ఎందుకంటే అరుదు అనే మాట ఇప్పుడు పిల్లల్లో బాగా నడుస్తోంది.

అంతర్ముఖులు (మనసు లోపలి వైపు తిరిగినవాళ్ళు), బహిర్ముఖులు (బయటి వైపు తిరిగినవాళ్ళు) అనే విభజనను కార్ల్ యుంగ్ అనే స్విస్ వైద్యుడు 1921లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చెప్పాడు. అది చదివి అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసాబెల్ మయర్స్ ప్రశ్నావళి తయారుచేశారు. తల్లీకూతుళ్ళిద్దరూ సైకాలజీ చదివినవాళ్ళు కాదు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఆడవాళ్ళు ఫ్యాక్టరీ పనుల్లోకి కొత్తగా వస్తున్నారు, ఎవరికి ఏ పని సరిపోతుందో తెలిస్తే బాగుంటుందన్నది ఇసాబెల్ ఆలోచన. నాలుగు జతలు, ఒక్కో జతలో రెండు వైపులు, మొత్తం పదహారు రకాలు. ఐ అంటే అంతర్ముఖం. ఎన్ అంటే కంటికి కనపడేదాని వెనక అర్థం వెతకడం. ఎఫ్ అంటే నిర్ణయాల్లో మనుషుల మనసుకు, విలువలకు పెద్దపీట వేయడం. జె అంటే ఏదైనా ముందే తేల్చుకుని ఒక పద్ధతిలో పెట్టుకోవడం.

అరుదు అనే మాట 1998 నాటి అమెరికా లెక్క నుంచి వచ్చింది. అక్కడి శాంపిల్‌లో ఈ రకం సుమారు 1.5 శాతం, పదహారింటిలో అన్నిటికన్నా తక్కువ. అది అమెరికా వాళ్ళ లెక్క. కర్నూలుకో కడపకో దాన్ని అట్లాగే అంటించకూడదు. ఇంకోటి, ఫోన్‌లో ఉచితంగా చేసేవాటిలో చాలావరకు అసలు పరీక్ష కాదు, దాని పోలికతో చేసినవి.

శాస్త్రంగా చూస్తే దీనికి పెద్ద లోపం ఉంది. ఎత్తు కొలిస్తే మనుషుల్లో ఎక్కువమంది మధ్యలో ఉంటారు కదా, అంతర్ముఖత్వం కూడా అంతే. అటు కొందరు, ఇటు కొందరు, నడుమ బోలెడంతమంది. ఈ పరీక్ష ఆ నడుమ ఒక గీత గీసి గీతకు ఇవతల ఐ, అవతల ఇ (బహిర్ముఖం) అంటుంది. గీత దగ్గర ఉన్న మనిషి ఒక నెల ఇటు, ఇంకో నెల అటు పడతాడు. అందుకే పరిశోధకులు ఎక్కువగా ఐదు గుణాల కొలత వాడతారు. అందులోనూ బహిర్ముఖత్వం ఒకటి, కానీ పెట్టెలు ఉండవు, ఎంత ఉందన్నదే కొలుస్తారు. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో ఈ గుణాల్లో మనుషుల మధ్య ఉండే తేడాలో ఇంచుమించు సగం పుట్టుకతో వచ్చేదేనని తేలింది. అంటే "కొంచెం కలవడం నేర్చుకో" అన్న ఒక్క మాటతో మారిపోయేది కాదు.

మర్రి_ఊడ

మాస్టారూ, మీరన్నది నాకు జరిగింది. జనవరిలో చేస్తే ఐ.ఎన్.ఎఫ్.జె., మార్చిలో చేస్తే ఐ.ఎన్.ఎఫ్.పి. ఏది నేను?

అనంత_మాస్టారు (అనంతపురం)

రెండు రిజల్టుల్లో మూడు అక్షరాలు ఒకటే కదమ్మా. ఆ మూడు చాలావరకు నీవి అనుకోవచ్చు. నాలుగోది (జె, దాని ఎదుటి వైపు పి) గీత దగ్గర ఉంది, దాన్ని వదిలేయి.

నేను క్లాసులో చెప్పే ఒక ప్రయోగం ఇక్కడ రాస్తాను. ఐసెంక్ అని ఒక ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఉండేవాడు. అంతర్ముఖుల మెదడు మామూలుగానే ఎక్కువ మెలకువతో ఉంటుందని, అందుకే బయటి సందడి వాళ్ళకు తొందరగా ఎక్కువైపోతుందని ఆయన సిద్ధాంతం. 1960ల్లో దీన్ని నిమ్మరసంతో పరీక్షించారు. నాలుక మీద కొన్ని చుక్కలు వేసి నోట్లో ఊరిన లాలాజలం తూచారు. అంతర్ముఖులకు ఎక్కువ ఊరింది. అదే నిమ్మకాయ, నాలుకలే వేరు. పెళ్ళి పందిరి కూడా అదే, ఒకరికి హుషారు, ఒకరికి తలనొప్పి. ఆ సిద్ధాంతంలో తర్వాత చాలా మార్పులు వచ్చాయి గానీ, ఈ నిమ్మకాయ మాట విన్న పిల్లలు దీన్ని పొగరు అనడం మానేశారు. నాకు అది చాలు.

బుడ్డల_చేను (కళ్యాణదుర్గం దగ్గర)

నేను రైతును సార్. చదువు తక్కువ. మా చేన్లో బోరు ఉంది. రెండు గంటలు ఆడిస్తే గాలి పట్టుకుంటుంది, నీళ్ళు సన్నబడతాయి. అప్పుడు మోటారు ఆపాల. మూడు గంటలు గమ్మున ఉంటే మళ్ళీ ఊరతాయి. ఆపకుండా ఆడిస్తే మోటారు కాలిపోతుంది. ఇంతకుముందు నీళ్ళిచ్చినావే, ఇప్పుడెందుకు ఇవ్వవు అని బోరును తిడితే నీళ్ళు వస్తాయా? ఆ బిడ్డ అర్ధగంట అట్లాంటిదే అని నాకు అనిపించింది.

నాదీ ఒకటి అడుగుతా. మావాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ముందు నుంచీ తక్కువ మాట్లాడేవాడే. కానీ ఉగాది తర్వాత నుంచి ఇంటికొస్తే గది దాటడు. ముందు క్రికెట్‌కు పోయేవాడు, ఇప్పుడు బ్యాటు అటక మీద పడేసినాడు. వాళ్ళమ్మ సంకటి ముద్ద చేసినా సగం వదిలేస్తాడు. ఇదీ ఆ రకమేనా?

నైట్_డ్యూటీ (కడప)

అన్నా, మీ ప్రశ్నకు నేను జవాబిస్తాను. నేను నర్సుని, మానసిక వైద్య విభాగంలో కొన్నేళ్ళు చేశాను. దయచేసి దీన్ని స్వభావం అని వదిలేయకండి.

తుంగభద్ర గారి ఆవిడ అర్ధగంట తర్వాత బయటికి వస్తారు, మామగారి చెయ్యి గమనిస్తారు, పిల్లలకు పాఠం చెబుతారు. ఒంటరిగా ఉండడం ఆమెకు బలమిస్తోంది. మీ అబ్బాయి విషయంలో అట్లా కనపడడం లేదు. ముందు ఇష్టమైనది ఇప్పుడు ఇష్టం లేకపోవడం, తిండి తగ్గడం, ఉన్నట్టుండి వచ్చిన మార్పు, ఈ మూడూ రెండు వారాలు దాటి ఉంటే డిప్రెషన్ ఉందేమో చూపించాలి. మితభాషి కావడం జబ్బు కాదు. కానీ మితభాషికి జబ్బు వస్తే ఇంట్లో ఎవరికీ తెలియదు, "వాడంతేలే" అనుకుంటారు. నేను వార్డులో చూసిన తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పిన మాట అదే.

14416 నంబరుకు చేయండి. టెలి మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది. డబ్బులేమీ లేవు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే చేసి ఎట్లా మాట్లాడాలో అడగవచ్చు. వాడితో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి అడగకండి. బండి మీద చేనికి తీసుకెళ్ళండి, పక్కపక్కన నడుస్తూ అడగండి. "బ్యాటు అటకెక్కించినావే, ఏమైంది నాయనా" అని ఒక్కటే అడిగి ఊరుకోండి. చచ్చిపోవాలనిపిస్తుంది లాంటి మాట వస్తే కోప్పడకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి.

బుడ్డల_చేను (కళ్యాణదుర్గం దగ్గర)

నంబరు రాసుకున్నా తల్లీ. రేపు పొద్దున చేస్తా.

పెద్దక్క_ఆదోని

సిగ్గు కూడా ఇదే రకమా? మా చిన్నమ్మాయి కొత్తవాళ్ళ ముందు వణికిపోతుంది.

అనంత_మాస్టారు (అనంతపురం)

కాదమ్మా. సిగ్గున్న పిల్లకు కలవాలని ఉంటుంది, భయం ఆపుతుంది. అంతర్ముఖికి భయం ఉండకపోవచ్చు, చాలనిపిస్తుంది అంతే. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. భయానికైతే మెల్లమెల్లగా అలవాటు చేయడం పనికొస్తుంది. చాలనిపించడానికి ఇల్లు చోటివ్వాలి.

గడప_కడప

తుంగభద్ర గారూ, ఏం చేయాలని అడిగారు కదా. నాకు మా ఆయన చేసినవి చెబుతాను. అన్నీ చిన్నవే.

చుట్టాలు వస్తున్నారంటే ముందురోజు చెబుతాడు. గుమ్మంలో దిగాక చెప్పడు. నా పొరపాటు ఏదైనా ఉంటే నలుగురిలో అనడు. మాకు విమర్శ మూడు రోజులు లోపల తిరుగుతుంది, నలుగురిలో అంటే మూడు నెలలు. "ఏమైంది, ఏమైంది" అని వెంటపడడు. ఒకసారి అడిగి, గిన్నెలు సర్దుతూ అక్కడే ఉంటాడు. పావుగంటకు నేనే చెబుతాను. పెళ్ళికి వెళ్ళేటప్పుడే ఎన్నింటికి బయల్దేరాలో ఇంట్లోనే అనుకుంటాం. ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే అప్పటిదాకా నేను అందరితో ఇష్టంగా ఉండగలను.

ఫంక్షన్లలో నాకొక పని ఇస్తే ఇంకా మేలు. పదిమందిలో కూర్చుని కబుర్లు చెప్పలేను గానీ, తాంబూలాలు ఇస్తూ ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడమంటే రెండు వందల మందితో మాట్లాడతాను.

నోటితో చెప్పలేనిది రాసి ఇస్తాను. మీ ఆవిడను కూడా రాయమనండి. మాట్లాడమంటే మాకు మాట వెనక్కి పోతుంది, కాగితం ఇస్తే ముందుకొస్తుంది.

సెలవు రోజు ఎక్కడికన్నా తీసుకెళ్ళాలంటే ఎగ్జిబిషన్లు, మాల్స్ వద్దు. మేము గండికోటకు పొద్దున్నే వెళ్తాం. పెన్న లోయ అంచున రాళ్ళ మీద ఇద్దరం గంటసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాం. ఆ గంట తర్వాత ఇంటికొచ్చేదాకా బస్సులో నేను మాట్లాడుతూనే ఉంటానని మా ఆయన అంటాడు.

పెద్దక్క_ఆదోని

ఆ గండికోట మాట చదివాక నాకు మా ఆయన గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్ళు సాయంత్రం పూట పశువుల కొట్టం దగ్గర ఒక్కడే కూర్చునేవాడు. మగవాడు కాబట్టి అలసిపోయినాడులే అనుకున్నాం, ఎవరూ పొగరనలేదు. అదే పని కోడలు చేస్తే మాట పడుతోంది. తమ్ముడూ, మీ అమ్మకు అక్షరాలు, శాతాలు చెప్పొద్దు. నాన్న భుజం సంగతి చెప్పు. అదే కళ్ళు, అదే మనిషి అని చెప్పు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ చేతులెత్తి దండం.

గడప అక్క చెప్పినట్టు కాగితం ఇచ్చాను. రెండు రోజులు ఏమీ ఇవ్వలేదు. మూడో రోజు దిండు కింద నాలుగు పేజీలు ఉన్నాయి. అన్నీ ఇక్కడ రాయను, అవి ఆమెవి. ఒక్కటి రాయడానికి ఒప్పుకుంది. ఆ అర్ధగంట గదిలో ఫోన్ చూస్తుందనుకున్నాను. లైటు వేయదట. మంచం పక్కన చల్లటి బండల మీద గోడకు వీపు ఆనించి కూర్చుంటుందట. పుట్టింట్లో వాళ్ళ జేజి కూడా సాయంత్రాలు అట్లాగే కూర్చునేదని, ఆమె పక్కన తానూ కూర్చునేదని, ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదని రాసింది. "ఈ ఇంట్లో నాకు గడియ పెట్టుకోవాలని లేదు. తెరిచి ఉంటే ఎవరో ఒకరు వచ్చి ఏమైందని అడుగుతారని పెడుతున్నాను" అని రాసింది. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అడిగేవాళ్ళలో మొదటివాడిని నేనే.

అమ్మకు పెద్దక్క చెప్పినట్టే నాన్న భుజం దగ్గర నుంచి మొదలుపెట్టాను. విని ఏమీ అనలేదు. మరుసటి రోజు సాయంత్రం ఈమె వచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది. ఐదున్నరకు పక్కింటావిడ వచ్చి "కోడలేదీ?" అంటే "పడుకోనుంది, ఇప్పుడే బడి నుంచి వచ్చింది" అంది మా అమ్మ. పడుకోలేదని అమ్మకు తెలుసు. నిన్న మాత్రం అమ్మకు కోపం వచ్చింది, ఏడు గంటలైనా బయటికి రాలేదని. పరీక్ష పేపర్లు దిద్దుతోందట, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ విషయంలో తప్పు ఈమెదే, ఒప్పుకుంది. ఆలస్యమైతే ముందే చెబుతానంది.

వచ్చే నెల కడపలో మా అక్క గృహప్రవేశం. తాంబూలాల పని ఈమెకు అప్పగించమని అక్కకు ఫోన్ చేశాను. మూడింటికి బయల్దేరుతామని అక్కకూ, ఈమెకూ ఇద్దరికీ చెప్పాను. గండికోట అక్కడి నుంచి ఎంత దూరం, సాయంత్రం వెళ్ళినా బాగుంటుందా, పొద్దున్నే వెళ్ళాలా?

గడప_కడప

జమ్మలమడుగు మీదుగా వెళ్ళాలి, రెండు గంటలు పట్టొచ్చు. రాత్రికి కడపలోనే ఆగి తెల్లవారుజామున బయల్దేరండి. జనం వచ్చేలోపు లోయ అంచుకు చేరుకుంటారు. నీళ్ళ బాటిల్ మర్చిపోవద్దు.

బుడ్డల_చేను (కళ్యాణదుర్గం దగ్గర)

ఆ నంబరుకు చేసినా. వాళ్ళు చెప్పినట్టే మావాడిని చేనికి తీసుకపోయినా. గట్టు మీద కూచున్నాం. చానాసేపటికి మాట్లాడినాడు. రెండు సబ్జెక్టులు పోయినాయంట, ఫీజు నేను అప్పు తెచ్చి కట్టినానని చెప్పలేక లోపల పెట్టుకున్నాడు. బేస్తవారం అనంతపురం పెద్దాసుపత్రికి పోతున్నాం, ఇద్దరం.